విమానం దిగిన సాంచాల మనిషి

విమానం చక్రాలు నేలకు తాకకముందే మీరు ఫోన్ తీసి బండి పిలుస్తారు. బయటికి నడిచి వచ్చేసరికి బండి నంబరు, డ్రైవరు ఫోటో అన్నీ మీ చేతిలో ఉంటాయి. సుఖమే, కాదనను. మా రోజుల్లో సూరత్ విమానాశ్రయం బయట మేమే వరసగా నిలబడి ఉండేవాళ్లం, "రింగ్ రోడ్, స్టేషన్, రింగ్ రోడ్" అని గొంతు చించుకుంటూ. అరవడంలో నన్ను మించినవాడు అడ్డా మీద లేడు. స్టీరింగు పట్టకముందు నా వయసులో బలమైన భాగమంతా సాంచాల మీద గడిచింది మరి. మరమగ్గాన్ని మా దిక్కు వాళ్లు సాంచా అంటారు. ఒక షెడ్డు నిండా సాంచాలు ఆడుతుంటే పక్కనున్నవాడి మాట కూడా మన చెవికి చేరదు. అలా అరిచీ అరిచీ గొంతు పెరిగింది, చెవి తగ్గింది. మా ఇంటామె ఇప్పటికీ "ఇంట్ల ఉన్నవ్, అడ్డా మీద లేవు, జర మెల్లగ మాట్లాడు" అని కసురుతుంది.

టాక్సీ వదిలేశాక కూడా అప్పుడప్పుడు అడ్డాకు పోయి కూర్చుంటాను. కుర్ర డ్రైవర్లు చాయ్ ఇప్పించి పాత ముచ్చట్లు అడుగుతారు. "అన్నిట్ల పెద్ద ట్రిప్పు ఏది కాకా? ముంబై పోయినవా? షిర్డీ పోయినవా?" అంటారు. రెండూ పోయాను. కానీ నేను తోలిన అన్నిటికంటే పెద్ద ట్రిప్పు మాత్రం విమానాశ్రయం నుంచి రింగ్ రోడ్డుకే. మామూలుగా అయితే ఆ దారి ఎంతో లేదు. డుమ్మస్ రోడ్డు పట్టుకుని, మగ్దల్లా, పీప్లోద్ దాటి, అఠ్వా గేటు మీదుగా పోతే ఊరి నడిమధ్యకు చేరిపోతాం. కళ్లు మూసుకుని తోలగలను. ఆ ఒక్క పగలు మాత్రం ఆ దారి నాకు కొత్తదైపోయింది.

కరోనా వచ్చిన మొదటి సంవత్సరం, వానాకాలం. విమానాలు మళ్లీ ఒకటీ అరా దిగుతున్నాయి. మా బండ్లలో ముందు సీటుకూ వెనక సీటుకూ నడుమ ప్లాస్టిక్ తెర కట్టించారు. మాస్కు, దాని మీద ఇంకో మాస్కు, చేతులకు తొడుగులు. అడ్డా మీద నాకు దోస్తు ఒక కాఠియావాడీ గుజరాతీ ఉండేవాడు. జబ్బు ఏసీలోంచే వస్తుందని అతని గట్టి నమ్మకం. కుండపోత వానలో కూడా అద్దాలు దించి తోలేవాడు, దిగే ప్యాసింజర్లు తడిసి తిట్టిపోసేవారు. నవ్వుకునేవాళ్లం. ఆ రోజుల్లో నవ్వుకోవడానికి మిగిలిన కొద్ది వాటిలో అదొకటి.

వరసలో మా ఇద్దరి బండ్ల నడుమ ఇంకొకాయన బండి ఉండేది. ఆయన ఒకరోజు రాలేదు, మర్నాడూ రాలేదు. ఆ తర్వాత ఏం జరిగిందో అందరికీ తెలిసింది, ఎవరమూ నోటితో అనలేదు. అయితే ఆయన బండి నిలిచే చోటును మేం వదిలేసి మా బండ్లు పెట్టుకునేవాళ్లం. అలా చెయ్యాలని ఎవరూ చెప్పలేదు. పొద్దున రాగానే అందరి చేతులూ స్టీరింగును అలాగే తిప్పేవి. వాన పడితే నేలంతా తడిసేది, ఆ చోటు కూడా తడిసేది. ఏమిటో, అది తడవడం చూస్తే నాకు వింతగా ఉండేది.

ఆ మధ్యాహ్నం హైదరాబాద్ విమానం దిగింది. అప్పటికే కారఖానాల సేఠ్‌లు కొందరు, రైళ్లు పట్టుకుని ఊళ్లకు పారిపోయిన పనివాళ్లకు విమానం టికెట్లు పంపి రప్పించుకుంటున్నారు. మూటలు నెత్తిన పెట్టుకుని పోయినవాళ్లు ఆకాశంలోంచి తిరిగొస్తున్నారని కాఠియావాడీ నవ్వేవాడు. ఆ రోజు దిగినవాళ్లు కొద్దిమందే. అందరూ సొంత కార్లలో పోయాక చివరికి ఒక మనిషి బయటికొచ్చాడు. విమానంలో నడిమి సీటు వాళ్లకు ఇచ్చే తెల్లటి గౌను మోకాళ్ల దాకా వేలాడుతోంది. ముఖానికి మాస్కు, మాస్కు మీద ప్లాస్టిక్ కవచం. చంకలో బియ్యం సంచితో కుట్టించిన బ్యాగు. అరవైకి అటూ ఇటూ వయసు. ఎటు నడవాలో తెలియక అక్కడే నిలబడిపోయాడు.

నేను దగ్గరికి పోగానే మాట్లాడకుండా తన ఫోన్ నా ముందుకు చాచాడు. అవతల లైనులో అతని సేఠ్ దగ్గర లెక్కలు రాసే మెహతాజీ ఉన్నాడు. బండి కిరాయి సేఠ్ కట్టేశాడనీ, ఈయన్ని గోడాదరాలోని గదికి కాదు, నేరుగా రింగ్ రోడ్డు అవతల పెద్ద దవాఖానాకు తీసుకుపోవాలనీ హిందీలో చెప్పాడు. "ఇతని తమ్ముడు అక్కడ ఉన్నాడు. ఆక్సిజన్ మాస్కు పెట్టినప్పుడల్లా పీకేస్తున్నాడు. ఎవరేం చెప్పినా వినడు, కొట్టడానికి వస్తున్నాడు. ఇలాగే ఉంటే రేపటిదాకా ఉండడని డాక్టరు చెప్పేశాడు. ఇంటి మనిషి ఎవరైనా వచ్చి నచ్చజెప్పండి అంటున్నారు. తొందరగా తీసుకుపో భాయ్. ఇతనికి ఫోన్లో అంతా చెప్పాను, ఎంత అర్థమైందో నాకు తెలియదు."

బండి కదిలింది. వాన సన్నగా పడుతోంది. ముసలాయన బ్యాగు ఒళ్లో పెట్టుకుని, తెర వెనక నుంచి రోడ్డును చూస్తున్నాడు.

డుమ్మస్ రోడ్డు అంటే మీకు తెలుసు కదా, ఎప్పుడు చూసినా ఊరు ఊరంతా అక్కడే ఉన్నట్టుంటుంది. ఆ రోజు ఒక్క ప్రాణి లేదు. మాల్‌లు మూసేసి ఉన్నాయి. ఒక బట్టల దుకాణం అద్దాల వెనక బొమ్మలన్నిటికీ మాస్కులు కట్టారు, ఎవరికి చూపించడానికో. సిగ్నల్ లైట్లు మాత్రం వాటి పని అవి చేసుకుంటున్నాయి. ఎర్ర లైటు పడితే నేను ఆగాను. నాలుగు దిక్కులా ఎవరూ లేరు. అయినా పచ్చలైటు వచ్చేదాకా కదల్లేదు. మా ముందు ఒక అంబులెన్సు సైరన్ వెయ్యకుండా, తొందర లేకుండా, నా బండి వేగంతోనే చాలా దూరం పోయింది. దాన్ని దాటాలనిపించలేదు.

అంత నిశ్శబ్దంలో నా చెవుల్లో సాంచాలు ఆడటం మొదలైంది. సాంచాల మీద పనిచేసిన ఎవరికైనా ఈ సంగతి తెలుసు. చుట్టూ చప్పుడు ఆగిపోతే చెవి తన చప్పుడు తాను చేసుకుంటుంది. కానీ ఆ రోజు అది నా లోపల కాక బయట, ఆ మూసిన మాల్‌ల వెనక ఎక్కడో వినిపించింది. అద్దం దించి చూశాను. వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. అద్దం ఎక్కించగానే మళ్లీ మొదలైంది.

అప్పుడు ఆయన తొలిసారి నోరు విప్పాడు. "భయ్యా, యే సూరత్ నహీ హై నా?" అని అడిగాడు, ఇది సూరత్ కాదు కదా అని. అతని హిందీ వెనక మా జగిత్యాల యాస నిండుగా ఉంది.

"సూరతే అన్నా," అన్నాను తెలుగులో.

నేనేమన్నానో అందలేదు గానీ, అది తెలుగు అని మాత్రం ఆయనకు తెలిసిపోయింది. అద్దంలో ఆయన కళ్లు పెద్దవి కావడం చూశాను. మన భాష వినబడితే ఎవరైనా సంతోషిస్తారు. ఆయన సీటులో వెనక్కి జరిగి బ్యాగును గట్టిగా పట్టుకున్నాడు.

"మనోళ్ల మాట మాట్లాడుతున్నవ్. నిన్నెవరు పంపిండ్రు?"

"సేఠ్ పంపిండన్నా. మీ సేఠ్."

"మొఖమెందుకు దాస్తున్నవ్?"

"మాస్కు తీయొద్దన్నా. రూలు ఉన్నది."

ఏదీ ఆయనకు చేరడం లేదు. నేను గొంతు పెంచాను, ఇంకా పెంచాను. ఆ మూసిన బండిలో నా అరుపు నాకే చెవులు గింగురుమనిపించింది. ఆయన అలాగే చూస్తున్నాడు. కాసేపటికి చాలా నెమ్మదిగా, ఊళ్లో పెద్దమనిషిని విషయం అడిగినట్టు, మర్యాదగా అడిగాడు.

"నేను సచ్చిపోయిన్నా తమ్మీ?"

ఎన్నో రకాల ప్యాసింజర్లను చూశాను. తాగినవాళ్లు, ఏడ్చేవాళ్లు, కొట్టుకునే మొగుడూ పెళ్లాలు. ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు.

"జెప్పు, ఏమనుకోను," అన్నాడాయన. "మబ్బుల మీదికెళ్లి తెచ్చిండ్రు. తెల్లగుడ్డ తొడిగిండ్రు. నెత్తికి ఏందో పెట్టి చూసిండ్రు, చేతికి ముద్ర గొట్టిండ్రు. ఎవరికీ మొఖాల్లెవ్వు. ఎవరూ నోరు మెదపరు. పైసలడుగుతలేరు. ఇన్నేండ్ల సంది సూరత్‌ల ఉంటున్న, గీ తొవ్వ నేనెన్నడు చూడలే. ఎక్కడ ఒక్క సాంచా చప్పుడు లేదు. సాంచాలు లేని సూరత్ యాడిది?"

నిజమే. ఆయనకు తెలిసిన సూరత్ ఉధ్నా స్టేషన్ దగ్గర మొదలై గోడాదరా గల్లీలో, కారఖానాలో అయిపోతుంది. విమానం దిగే ఈ వైపు, ఈ వెడల్పాటి రోడ్లు, ఈ అద్దాల మేడలతో అతనికి ఎప్పుడూ పని పడలేదు. ఆయన వైపు నుంచి చూస్తే ఆ లెక్కలో తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు. ఒక్క క్షణం, సిగ్గు లేకుండా చెబుతున్నాను, నాకూ అనుమానం వచ్చింది. వరసలో వదిలేసిన ఆ ఖాళీ చోటు కళ్ల ముందు కదిలింది.

ఆయన ఇంకా ఆగలేదు. "మా తమ్ముని కాడికి తీస్కపోతరని ఊళ్లె అన్నరు. నేను సచ్చి, నువ్వు నన్ను వాని కాడికే తీస్కపోతున్నవంటే, వాడు గూడ ఈడికే వచ్చిండా?" తలుపు వైపు జరిగాడు. "వాడు వచ్చినంక నేను పోయి ఏం జేస్త తమ్మీ? ఆపు బండి. నేను దిగుత." తలుపు గడియ మీద చెయ్యి వేశాడు.

వద్దని అరుస్తూ బ్రేకు వేశాను. అద్దంలో చూస్తే ఆయన నా కళ్ల వైపు చూడటం లేదు. నా మాస్కు మీద, సరిగ్గా నోరు ఉండే చోట చూస్తున్నాడు. అప్పుడు గాని నా మట్టిబుర్రకు తట్టలేదు. సాంచాల మనిషి చెవితో వినడు, కంటితో వింటాడు. ఎదుటివాడి పెదాలు ఎలా కదిలితే ఏ మాటో, షెడ్డులో చేరిన మొదటి ఏడే నేర్చుకుంటాం. చెముడు వచ్చినా మాకు తెలియదు, ఎందుకంటే ఎదుటివాడి నోరు కనబడుతున్నంతకాలం అన్నీ వినబడుతున్నట్టే ఉంటుంది. ఊరి నుంచి బయల్దేరిన దగ్గర్నుంచి ఈయనకు ఒక్క నోరూ కనబడలేదు. విమానంలో, విమానాశ్రయంలో, నా బండిలో ఎవరూ ఈయనతో ఒక్క మాట మాట్లాడలేదు, ఆయన లెక్క ప్రకారం.

మా ఇంటామెకు ఉబ్బసం. ఆ నెలల్లో ప్యాసింజరు ముందు నేను మాస్కు కిందికి దించింది లేదు, చాయ్ కూడా బండి వెనక్కి పోయి తాగేవాణ్ని. ఆ రోజు దిగి, వానలో చుట్టూ తిరిగి ఆయన అద్దం ముందుకు వచ్చి, రెండడుగులు దూరంగా నిలబడ్డాను. మాస్కులు రెండూ గడ్డం కిందికి లాగాను. గొంతు అక్కర్లేదు కాబట్టి అరవలేదు. పెదాలు మాత్రం సాంచా ముందు కదిలించినట్టు కదిలించాను.

"అన్నా. నువ్వు సచ్చిపోలే. ఇది సూరతే. మీ తమ్ముడు బతికే ఉన్నడు. నువ్వు జల్ది పోతె ఉంటడు."

అద్దం మీద నీళ్లు జారుతుంటే ఆయన కళ్లు చికిలించి చదివాడు. ఇంకోసారి చెప్పమని చెయ్యి ఊపాడు. మళ్లీ చెప్పాను. ముఖంలో రక్తం తిరిగి రావడం కవచం వెనక నుంచి కూడా కనిపించింది.

"మరి నువ్వు?" అన్నాడు.

"నేను గూడ బతికే ఉన్న," అన్నాను. ఆ మాట పైకి అనుకోవడం నాకూ మంచిదే అయింది.

అక్కడి నుంచి దారి మాకు చుక్కలు చూపించింది. ఏ సందులోకి తిరిగినా అడ్డంగా వెదురు కర్రలు కట్టి ఉన్నాయి, జబ్బు ఉన్న వీధులని. ఒక మూసిన పెట్రోల్ బంకు ముందు నుంచి పోయి, ఎడమకు, మళ్లీ ఎడమకు తిరిగి చూస్తే అదే బంకు. ఇన్నేళ్లు ఈ ఊళ్లో బండి తోలినవాణ్ని, మళ్లీ తిరిగాను, మళ్లీ అదే బంకు. వెదురు కర్రల వెనక మేడల మీద జనం నిలబడి మమ్మల్ని చూస్తున్నారు, ఎవరూ ఏమీ అనడం లేదు. చివరికి ఒక పోలీసాయన గొడుగు కింద నుంచి చెయ్యి చాపి దారి చూపించాడు. రింగ్ రోడ్డు మీద బట్టల మార్కెట్ల వరస కనబడగానే వెనక నుంచి "గిది నాకెరుకే! గిది నాకెరుకే!" అన్న కేక వినిపించింది. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

బండి ఆపుతుంటే ఆయన తెరకు దగ్గరగా వంగాడు. "మా వానికి నాకన్న ఎక్కువ చెముడు తమ్మీ," అన్నాడు. "ఈడ అందరు మూతులు గట్టుకునే ఉన్నరు గదా. వానికి ఏం జరుగుతుందో ఎవరు జెప్పిండ్రు?"

ఎవరూ చెప్పలేదు. చెప్పే ఉంటారు పాపం, రోజూ చెప్పే ఉంటారు, మాస్కుల వెనక నుంచి.

దవాఖానా కింది అంతస్తులో పొడుగాటి హాలు, ఒక పక్కంతా మూసేసిన అద్దాలు. లోపల ట్యూబులైట్ల కింద మంచాలు. గోడాదరా, వడోద్ వైపు గల్లీల్లోంచి తెచ్చినవాళ్లే అందులో చాలామంది అని గార్డు చెప్పాడు. బయటి నుంచి ఏ చప్పుడూ లోపలికి పోదు, లోపలిది బయటికి రాదు. తల నుంచి పాదాల దాకా కప్పుకున్న ఒక నర్సు బయటికి వచ్చింది. కేరళ అమ్మాయి, వచ్చీరాని హిందీ. అలసటతో గోడకు ఆనుకుని నిలబడింది. "నేను మాట్లాడినప్పుడల్లా నా మాస్కు కేసే చూస్తాడు భయ్యా," అంది. "అక్కడ ఏముంది చూడటానికి? కాగితం మీద రాస్తే చదవలేడు. మాస్కు పెట్టబోతే నేను ఊపిరి ఆపేస్తున్నానని భయపడుతున్నాడు. నేనైనా భయపడేదాన్నే."

ఆమె చూపించిన మంచం మీద ఒక బక్కపలచటి మనిషి కూర్చుని ఉన్నాడు. ఆక్సిజన్ మాస్కు మెడ కింద వేలాడుతోంది. ఛాతీ ఎగిరెగిరి పడుతోంది. అద్దం బయట నిలబడ్డ తెల్ల గౌను కేసి చూసి ముఖం తిప్పేసుకున్నాడు. అలాంటి తెల్ల గౌనులు అతనికి లోపలే చాలా ఉన్నాయి.

అన్న ఆ గౌను విప్పి కింద పడేశాడు. కవచం తీసేశాడు. మాస్కు తియ్యబోతే గార్డు చెయ్యి పట్టుకున్నాడు, అయినా అది తియ్యకుండానే పని అయింది. చొక్కా, లుంగీ, వంగిన భుజాలు చూసి తమ్ముడు మంచం మీద నిటారుగా అయ్యాడు.

ఇద్దరూ ఒకే సాంచాల మీద పనిచేశారట. అన్నది దిన్ పాలీ, తమ్ముడిది రాత్ పాలీ. అంటే ఒకరు పగలు, ఒకరు రాత్రి. ఒకే గది, ఒకే పక్క కూడా, ఒకరు లేస్తే ఒకరు పడుకోవడం. సూరత్‌లో సగం మంది అన్నదమ్ముల బతుకు ఇంతే. పాలీ మారేటప్పుడు సాంచా పక్కన కలిసే ఆ కాసేపే ఒకరి ముఖం ఒకరు చూసుకునేది. అప్పుడు పెదాలకు కూడా తీరిక ఉండదు, చేతి సైగలే. తెలుగువాడైనా, ఒడియావాడైనా, బీహారీ అయినా షెడ్డులో ఆ సైగలు అందరివీ ఒకటే.

తమ్ముడు చెయ్యి ఎత్తాడు. తన గుండె మీద తట్టుకుని, రెండు అరచేతులూ తెరిచి అన్న వైపు చాపాడు. నా పని అయింది, ఇక నువ్వు అందుకో, అని. రోజూ పొద్దున సాంచా అప్పజెప్పేటప్పుడు చేసే సైగ అది. ఎంత ప్రశాంతంగా చేశాడో! నర్సుకు అర్థం కాకపోయినా గోడ వదిలి అద్దం ముందుకు వచ్చింది.

అన్న తల అడ్డంగా ఊపాడు. పిడికిలి బిగించి ఛాతీకి లాక్కున్నాడు. సాంచా హ్యాండిల్ వదలకు, అని. తర్వాత అరచేతితో ముక్కూ నోరూ మూసుకుని, తల వెనక ముడి వేసినట్టు వేళ్లు తిప్పాడు. నుసి లేస్తోంది, గుడ్డ కట్టుకో. మాస్టర్ షెడ్డులోకి వచ్చినప్పుడల్లా ప్రతివాడికీ చేసే సైగ. తర్వాత మళ్లీ పిడికిలి. నీ పాలీ ఇంకా అయిపోలే. నేను అందుకోను. నిలబడు.

తమ్ముడు చాచిన చేతులు గాలిలో అలాగే ఉండిపోయాయి. అన్న చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అందుకోనన్నట్టు, చంకల్లో దాచుకుని. చాలాసేపటికి తమ్ముడు తన చేతులు దించుకుని, మెడ కింద వేలాడుతున్న దాన్ని ముఖానికి ఎత్తుకుని, తానే పట్టీ బిగించుకున్నాడు.

అతను బతికాడు. చిక్కి సగమై చాలా వారాలకు బయటికి వచ్చాడు, ఇప్పుడు సూరత్ పక్కనే ఉన్న సచిన్‌ అనే ఊళ్లో ఒక కంపెనీ గేటు దగ్గర కూర్చుంటాడు. కానీ నాకు ఆ పగలు గుర్తొచ్చినప్పుడు కళ్ల ముందు నిలిచేది అతను కాదు.

అన్న చేతులు కదలడం పక్క మంచం మీద మనిషి చూశాడు. అతని చెయ్యి దుప్పటిలోంచి పైకి లేచింది. ఆ పక్క మంచం నుంచి ఇంకొకటి. ఆ వరస చివర్లోంచి ఇంకొకటి. ట్యూబులైట్ల కింద, ఏ చప్పుడూ లేని ఆ హాలులో, గొట్టాలు తగిలించిన చేతులు ఒక్కొక్కటే లేస్తున్నాయి. తలలు ఎత్తలేనివాళ్లవి చేతులు మాత్రమే కనిపించాయి. అన్నీ ఒక్కటే అడుగుతున్నాయి. అరచెయ్యి నుదుటికి ఆనించి ఒకసారి, చెంపకు ఆనించి ఒకసారి.

"ఏమంటున్నారు?" అంది నర్సు.

"పగలా, రాత్రా అని అడుగుతున్నరు సిస్టర్."

ఆమె తలెత్తి, ఎప్పుడూ ఆరని ఆ లైట్లను చూసింది. అన్న అప్పటికే జవాబు చెబుతున్నాడు, ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకున్నట్టు నుదుటి మీద అరచెయ్యి పెట్టి, ఈ మంచానికీ ఆ మంచానికీ తిరిగి తిరిగి. పగలు. పగలు. నేనూ అతని పక్కన నిలబడి అదే చేశాను. ఆ సైగ చేసి ఎన్నేళ్లయిందో, చెయ్యి మరిచిపోలేదు. నర్సు మా ఇద్దరినీ కాసేపు చూసి, తొడుగు వేసుకున్న తన చేతిని నుదుటి దగ్గర పెట్టి సరిచూసుకుని, లోపలికి పోయింది.

ఒక్కో మంచం దగ్గరా ఆగి ఆ సైగ చేసింది. చేతులు ఒక్కొక్కటే దిగాయి. చివరి మూలలో ఒక మంచం మీద నుంచి చెయ్యి లేవలేదు. ఆమె అక్కడ కూడా ఆగింది. మేము అద్దం దగ్గర నుంచి కదిలే వరకూ అక్కడే నిలబడి, అరచెయ్యి నుదుటికి ఆనించి, పగలు అని అతనికి చూపిస్తూనే ఉంది.